సొరుగులో పసుపు కొమ్ములు

నా బల్ల సొరుగులో చాలా ఏళ్ళ పాటు మూడు వస్తువులు తప్పకుండా ఉండేవి. డబ్బాలో పసుపు కొమ్ములు, ఒక తెల్ల దారం ఉండ, ఒక చిన్న కత్తెర. థర్మామీటరు ఎక్కడ పెట్టానో ఒక్కోసారి మరిచిపోయేదాన్ని గానీ, ఈ మూడింటినీ కళ్ళు మూసుకుని తీసేదాన్ని.

"అక్కా, ఇది దవాఖాననా, పూజ సామాన్ల దుకాణమా?" అని మౌనిక చేరిన మొదటి రోజే అడిగింది. మౌనికది హయత్‌నగర్. చదువులో నాకన్నా ఎంతో ముందున్న పిల్ల. మందు పేరు నేను కూడబలుక్కుని చదివేలోపు ఆ పిల్ల అది ఎందుకు వాడతారో, ఎవరికి పడదో కూడా చెప్పేది.

"నవ్వు బిడ్డా, నవ్వు. ఒకనాడు నువ్వే అడుగుతవు" అన్నాను.

రెండేళ్ళ కిందట మోకాళ్ళు ఇక వద్దన్నాక నేను పని మానేశాను. ఆ రోజు మౌనిక నిజంగానే అడిగింది. నోటితో చెబితే మరిచిపోతానని, రాసిమ్మంది. అందుకే రాస్తున్నాను. ఎవరు ఏ పదవికి ఎక్కారో, నా జీతం ఎప్పుడు పెరిగిందో ఇందులో ఉండదు. అవి నాకు పెద్దగా గుర్తు కూడా లేవు. మంచం నంబరు చెప్పండి, అందులో పడుకున్న మనిషి ముఖం చెబుతాను.

తెల్ల చీర

మాది నల్గొండ పక్కన పల్లె. ఏడో తరగతితో బడి మానిపించారు. పెళ్ళయి దిల్‌సుఖ్‌నగర్ వచ్చాక మా ఆయన పుస్తకాలు తెచ్చిస్తే, ఇంట్లోనే కూర్చుని పదో తరగతి గట్టెక్కాను. లెక్కల్లో రెండుసార్లు తప్పాను. తర్వాత నర్సు ట్రైనింగ్. బస్టాండు వెనక గల్లీలో ముప్పై మంచాల నర్సింగ్ హోమ్ ఉండేది, అందులో చేరాను. తర్వాత అదే ఎల్బీ నగర్‌లో పెద్ద భవనంలోకి మారితే మంచాలతో పాటు నేనూ మారాను.

దాన్ని నడిపే సర్జన్‌ని అందరం డాక్టరమ్మ అనేవాళ్ళం. గుంటూరు వైపు మనిషి. మా నర్సులందరికీ పెద్ద తంకమ్మ సిస్టర్, కేరళ నుంచి వచ్చిన మనిషి, ఎప్పుడూ నల్లద్దాలు పెట్టుకునేది. ఆమెకు తెలుగు తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. మొదట్లో ఆమెను చూస్తే నాకు చెమటలు పట్టేవి. కానీ రోగులు మాత్రం ఆమెనే అడిగేవాళ్ళు. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక తాతకు సూది వెయ్యడానికి పోయాను. "ఏం కాదు తాతా, చీమ కుట్టినట్టు ఉంటుంది అంతే" అన్నాను తియ్యగా.

సూది దిగగానే తాత మంచం మీద ఎగిరిపడ్డాడు. "చీమనా? నీ చీమ పాడుగాను! తేలు కుట్టినా గిట్లుండది!"

మర్నాడు నాకు చెయ్యి ఇవ్వలేదు. "ఆ నల్లద్దాల సిస్టర్‌నే పిలువు" అని మొండికేశాడు. తంకమ్మ సిస్టర్ వచ్చి, "సూది వేస్తాను. నొప్పి వస్తుంది. పది లెక్క పెట్టు. పోతుంది" అంది. తాత బడిపిల్లవాడిలా పది లెక్కపెట్టాడు. కిమ్మనలేదు.

తీపి మాటలు చెప్పి మోసం చేసే నర్సు కన్నా, నవ్వకపోయినా నిజం చెప్పే నర్సును రోగి నమ్ముతాడు. ఇది ఆ రోజు చూశాను గానీ నేర్చుకోలేదు. నాకు అప్పుడు ఇంకో జబ్బు ఉండేది. తెల్ల చీర కట్టుకోగానే నేను వేరే మనిషిని అయిపోయేదాన్ని. గొంతు పెరిగేది. మా ఊరి మాట పోయి డాక్టరమ్మ మాట వచ్చేది. ఇంట్లో అత్తకు కాళ్ళు పిసికేటప్పుడు ఉన్న ఓపిక, వార్డులో అడుగుపెట్టగానే ఎక్కడికి పోయేదో!

యాదమ్మ కట్టు

యాదమ్మ బస్టాండు దగ్గర గంప పెట్టుకుని పూలు అమ్మేది. నాకూ ఆమెకూ ఒకటే వయసు, ముప్పైకి కొంచెం అటూ ఇటూ. పూలు అల్లేవాళ్ళలో కొందరు దారాన్ని కాలి బొటనవేలికి తగిలించుకుని లాగి పట్టుకుంటారు, చూసే ఉంటారు. ఆమె చేతివేళ్ళు, ఎడమకాలి వేలు కలిసి పనిచేస్తుంటే మూర మల్లెపూలు కళ్ళముందే పెరిగేవి. ఆమెకు గర్భసంచి తియ్యాల్సి వచ్చింది. ఒంట్లో చక్కెర కూడా ఉంది. డాక్టరమ్మ దాన్ని అదుపులోకి తెచ్చి ఆపరేషన్ పెట్టింది.

ఆపరేషన్‌కి ముందు ఒంటి మీద లోహం ఉండకూడదు. రక్తం కారకుండా కాల్చడానికి కరెంటు మిషన్ వాడతారు. ఆ రోజుల్లో మావి పాత మిషన్లు, ఒంటి మీద లోహం ఉంటే కరెంటు అటు పోయి తోలు కాలేది. గాజులు, కమ్మలు, మట్టెలు, పుస్తెలతాడు అన్నీ తీయించి కాగితం మీద టిక్కు పెట్టడం నా పని.

యాదమ్మ గాజులు తీసింది. కమ్మలు తీసింది. మెడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"సిస్టరమ్మా, మా ఆయన లారీ మీద పోయిండు. ఎల్లుండిగాని రాడు. ఆయన తొవ్వల ఉండంగ పుస్తెలు ఎట్ల దియ్యాలె? మట్టెలు ఎట్ల దియ్యాలె?"

"తీయకపోతే ఆపరేషన్ లేదు. ఇంటికి వెళ్ళిపో" అన్నాను.

"జర ఆయనొచ్చేదాక..."

"నీ కోసం డాక్టరమ్మ రెండు రోజులు కూర్చోవాలా? చదువు లేకపోతే పోనీ, బుద్ధి కూడా లేదా?" వార్డు అంతా వినపడేలా అరిచాను. చదువు గురించి నేనన్న మాట అది, రెండుసార్లు లెక్కల్లో తప్పిన నేను!

ఆమె బాత్రూమ్‌లోకి పోయి కొంచెంసేపటికి వచ్చింది. కొంగు ముడిలోంచి పుస్తెలతాడు, ఒక మట్టె తీసి నా చేతిలో పెట్టింది. ఎడమకాలి రెండో వేలికి గుడ్డ చుట్టి ఉంది.

"అదేంటి?"

"రాయి తాకింది సిస్టరమ్మా."

నేను టిక్కు పెట్టేశాను.

ఆపరేషన్ చక్కగా జరిగింది. ఆమెను మంచం మీదికి మార్చేటప్పుడు గుడ్డ గోధుమరంగుకు తిరిగి ఉండడం చూశాను. విప్పాను. లోపల వెండి మట్టె. దాని కింద తోలు తెల్లగా కమిలిపోయి ఉంది. ఆ మట్టె గుడ్డలోంచి బయటికి వచ్చి బల్ల ఇనుముకు తగిలింది. కరెంటు అక్కడ దారి వెతుక్కుంది.

డాక్టరమ్మ అడిగింది, "ఎవరు చూశారమ్మా ఈ పేషెంట్‌ని?"

"నేనేనమ్మా. కానీ ఆమె దాచింది" అన్నాను.

తంకమ్మ సిస్టర్ నా ముఖంలోకి చూసి రెండే ముక్కలు అంది. "ఆమె దాచింది. నువ్వు చూడలేదు. రెండూ రాయి."

కేసు కాగితంలో రెండూ రాశాను. డాక్టరమ్మ మంచం దగ్గరికి వెళ్ళి జరిగింది దాచకుండా యాదమ్మకు చెప్పింది. ఆమె వెనక నేను నిలబడ్డాను. యాదమ్మ మత్తు ఇంకా పూర్తిగా వదల్లేదు. నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"తప్పయింది సిస్టరమ్మా. తిట్టకుండ్రి."

కాలు కాలింది ఆమెది. క్షమించమని అడుగుతున్నదీ ఆమే. నా పని మొత్తంలో నన్ను అంతగా కుంగదీసిన మాట ఇంకొకటి లేదు.

మీర్‌పేట్

కుట్లు విప్పాక రోజు మార్చి రోజు వచ్చి కట్టు మార్పించుకోవాలని చెప్పి పంపాం. రెండుసార్లు వచ్చింది. తర్వాత రాలేదు. చక్కెర ఉన్న మనిషికి వేలి పుండు అంటే ఆటలు కాదు. అది బొటనవేలికి పాకితే రెండు వేళ్ళూ పోతాయి. యాదమ్మకు ఆ బొటనవేలు పోతే పూలు అల్లే పనీ పోతుంది.

నా సెలవు రోజున బస్సెక్కి మీర్‌పేట్ పోయాను. అప్పుడు అక్కడ ఇన్ని కాలనీలు లేవు, చాలావరకు పొలాలే. పూల యాదమ్మ అని అడిగితే ఒకావిడ ఇల్లు చూపించింది. ఆ రోజు నేను మామూలు చీరలో ఉన్నాను. గుమ్మంలో నన్ను చూసి యాదమ్మ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక కాలిని కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది.

"నేనే ఒద్దామనుకున్న సిస్టరమ్మా... మల్లెల సీజన్ గదా..."

లోపల బియ్యం చెరుగుతున్న వాళ్ళ అత్త చేట పక్కన పెట్టింది. "అబద్ధం ఎందుకే? తిడ్తరని భయపడి పోలేదు బిడ్డా. నేను పసుపు, సున్నం రాస్తున్న."

కింద కూర్చుని కాలు ఒళ్ళో పెట్టుకుని చూశాను. వేలు వాచి, గోరు చుట్టూ నల్లబడుతోంది. బొటనవేలి వైపు ఎర్రగా ఉంది.

ఇంట్లో మా అక్కతో మాట్లాడినట్టే మాట వచ్చింది నాకు. "యాదమ్మా, ఆ గుడ్డ ఇప్పి సూడాల్సింది నేను. సూడలే. నీ మాట ఇనకుండ, అందరి ముంగట ఒర్లిన. నువ్వు నాకు భయపడి దాసినవు. తప్పు నాది. నా మీది కోపం నీ కాలు మీద తీర్సుకోకు, రేపు రా."

యాదమ్మ కాలు వెనక్కి లాక్కోలేదు. తర్వాత మెల్లగా అడిగింది, "మరి గప్పుడు గట్లెందుకు ఒర్లినవక్కా?"

అప్పటిదాకా సిస్టరమ్మను. ఆ పూట అక్కనయ్యాను.  నేను నోరు విప్పేలోపు వాళ్ళ అత్త అందుకుంది.

"అవును బిడ్డా, ఒకటడుగుత. పుస్తెలతాడు పెరిగితే మనం ఏం జేస్తం?"

తాడు తెగింది అనకూడదు, పెరిగింది అంటాం మా వైపు. "పసుపు కొమ్ము కట్టుకుంటం" అన్నాను.

"కొత్త తాడు ఏసేదాక అదే పుస్తె గదా? మట్టె ఇరిగితే ఏలికి పసుపు దారం సుట్టుకుంటం. మరి మీ అంత పెద్ద దవాఖానల గింత పసుపు కొమ్ము దొరకదా?"

 ఇది నాకు తెలియని సంగతి కాదు. మా అమ్మ చేసింది, నేను చేశాను. ప్రతి ఇంట్లో చేసేదే. ఇంట్లో తెలిసిన సంగతిని గుమ్మం దగ్గర చెప్పులతో పాటు వదిలేసి డ్యూటీకి పోయేదాన్ని, అంతే.

మర్నాడు యాదమ్మ వచ్చింది. డాక్టరమ్మ వేలు చూసి, "నాలుగు రోజులు చూద్దాం. నలుపు పైకెక్కితే తీసెయ్యాలి. రోజూ కట్టు మార్చాలి, ఒక్క పూట తప్పినా నన్ను అడగొద్దు" అంది. ఆ కట్టు నేనే మార్చాను. ఆమె రాలేని రోజున నేను మీర్‌పేట్ పోయాను. చచ్చిన తోలు తీసేటప్పుడు తంకమ్మ సిస్టర్ పాఠం గుర్తు చేసుకుని, "ఇప్పుడు నొప్పి లేస్తది. పది లెక్కవెట్టు" అనేదాన్ని.

"పది అయిపోయి ఇరవై అయిందక్కా! ఎవలు నేర్పిన్రు నీకు లెక్కలు?"

"ఎవలూ నేర్పలే. గందుకే రెండుసార్లు ఫేలయిన."

ఆమె నవ్వితే కాలు ఊగేది. కదలొద్దని కోప్పడేదాన్ని. ఆ కోపానికి ఆమె భయపడేది కాదు.

నాలుగో రోజున నలుపు ఎక్కడిదక్కడే ఆగింది. నెల దాటాక పుండు మానింది. రెండో వేలి గోరు మళ్ళీ రాలేదు, మచ్చ మిగిలింది. బొటనవేలు దక్కింది. కట్టు పూర్తిగా విప్పిన రోజున కట్టు మార్చే మంచం మీద కూర్చుని, వేలికి దారం తగిలించి లాగి చూసుకుంది. "పట్టు దొరికిందక్కా" అంది. పోతూ పోతూ పూలు అల్లే దారం ఉండ ఒకటి నా చేతిలో పెట్టింది.

"పసుపు కొమ్ములు నువ్వు కొనుక్కో. దారం మాత్రం నేనిస్త."

ఉడికించిన పసుపు

కొమ్ములు కొన్నాను. తంకమ్మ సిస్టర్ చూసింది.

"థియేటర్‌లోకి పసుపా? మట్టి, దుమ్ము! నో."

"కొమ్ము లేకపోతే వాళ్ళు మట్టెలు దాస్తరు సిస్టర్."

ఆమె ఒక కొమ్మును వెలుగులో తిప్పి చూసింది. తర్వాత కొమ్ములను, దారాన్ని కడిగి, గాజుగుడ్డలో చుట్టి, సామాన్లు శుభ్రం చేసే ఆవిరి డ్రమ్ములో పడేసింది. మూత తీసేసరికి థియేటర్ అంతా పెళ్ళింటి వాసన. డాక్టరమ్మ వచ్చి, "ఏంటిది, ఇవాళ ఎవరి పెళ్ళి?" అంది. సంగతి చెబితే నవ్వి, "నేను కోసేది కడుపు మీద. మెడ మీ ఇష్టం" అంది. అప్పటినుంచి అదే పద్ధతి, పుస్తెలు తీసిన మెడకు కొమ్ము, మట్టె తీసిన వేలికి దారం. మెడ మీద ఆపరేషన్ అయితే కొమ్ము చేతికి కట్టేవాళ్ళం. తాయెత్తు ఉన్న తల్లికి దాని రేకు తీసి పక్కన పెట్టి, లోపలి కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి దిండు కింద ఉంచేవాళ్ళం. సిలువ వేసుకున్నామెకు దాన్ని ఎవరి చేతికి ఇవ్వాలో ఆమెనే అడిగేవాళ్ళం.

దీన్ని ఎవరైనా మూఢనమ్మకం అంటే నేను వాదించను. పసుపు కొమ్ము వల్ల ఎవరి భర్తా బతకడని నాకూ తెలుసు. కానీ ఆ దారం కట్టే నిమిషంలో ఆడమనిషి మెడ నా ముందుకు వంగుతుంది. నా చెవి ఆమె నోటి దగ్గర ఉంటుంది. ఆ నిమిషంలోనే అసలు మాటలు బయటికి వచ్చేవి. "ఎవలకు చెప్పలే అక్కా, నాకు ఆయాసం మందు ఉన్నది" అని ఒకామె. "నెల తప్పిందేమోనని అనుమానం" అని ఒకామె. కాగితం మీద అడిగితే ఈ మాటలు రావు.

నా చివరి ఏళ్ళలో పని చాలా మారింది. మిషన్లు మంచివి వచ్చాయి, అది సంతోషం. కంప్యూటరు తెర మీద టిక్కులు ఇంకా పెరిగాయి. టిక్కులు వద్దని అనను, నా టిక్కు అబద్ధమైతే ఏమవుతుందో చెప్పాను. కాకపోతే కళ్ళు తెర మీద పెట్టి "ఏమన్నా తిన్నారా?" అని అడిగే పిల్లలను చూస్తే మాత్రం నాకు నచ్చదు. అడిగితే మనిషిని చూసి అడగాలి.

నాలుగు ఇడ్లీలు

నేను పని మానేసే ఏడాది యాదమ్మ ఎల్బీ నగర్ దవాఖానకు వచ్చింది. ఈసారి ఆపరేషన్ ఆమె భర్త నర్సింహకు. హెర్నియా. అప్పుడు లారీ మీద తొవ్వలో ఉన్న మనిషే. ఇప్పుడు లారీ లేదు, పొట్ట ఉంది. పొద్దున మొదటి ఆపరేషన్ ఆయనదే.

మౌనిక అడిగింది, "అంకుల్, పొద్దుగాల ఏమన్న తిన్నరా? తాగిన్రా?"

"మంచినీళ్ళు గూడ ముట్టలే బిడ్డా."

టిక్కు పడింది. స్ట్రెచర్ వచ్చింది. యాదమ్మ నా చెయ్యి పట్టుకుని వరండాలోకి లాగింది.

"అక్కా, అవద్దం చెప్తుండు. ఫోన్ మాట్లాడొస్తనని కిందికి పోయి ఇడ్లీలు మింగొచ్చిండు. మీసానికి చట్నీ జూసిన."

మత్తులో ఉండగా కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి ప్రాణానికే ముప్పు. "మరి మౌనికకు ఎందుకు చెప్పలేదు?"

"ఆ పిల్ల తిడ్తదేమోనని. నువ్వు తిట్టవు గద."

నేను వెళ్ళి స్ట్రెచర్ ఆపాను. నర్సింహ చెయ్యి పట్టుకుని, ముఖంలోకి చూసి అడిగాను. "అన్నా, ఆకలైందా పొద్దుగాల?"

ఆయన పైకప్పు చూశాడు, కిటికీ చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. "జరంత."

"రెండిడ్లీలా?"

"...నాలుగు."

మౌనిక ముఖం తెల్లబోయింది. డాక్టరమ్మకు చెప్పి ఆపరేషన్ మర్నాటికి మార్పించాం. డాక్టరమ్మ నర్సింహను తిట్టలేదు. "సాంబార్ కూడానా?" అని అడిగి వెళ్ళిపోయింది. మౌనిక మాత్రం బల్ల దగ్గర తల వంచుకుని కూర్చుంది. కళ్ళలో నీళ్ళు.

"ఆయనే అబద్ధం చెప్పిండక్కా. నేనడిగిన."

"ఆయన దాసిండు. నువ్వు ఆయన దిక్కు సూడలే. రెండూ రాయి" అన్నాను. అన్నాక, తంకమ్మ సిస్టర్ గొంతు నాలోంచి వచ్చినట్టు అనిపించింది. ఆ మాట కరుకుగా వినిపించకుండా పక్కన కూర్చుని టీ తెప్పించాను. తంకమ్మ సిస్టర్ టీ తెప్పించేది కాదు.

మర్నాడు పొద్దున నర్సింహ నిజంగానే ఏమీ తినలేదు, రాత్రంతా యాదమ్మ కాపలా కాసింది. స్ట్రెచర్ కదిలే ముందు ఆమె నా సొరుగు తెరిచింది. నన్ను అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. శుభ్రం చేసిన దారం, కొమ్ము తీసి ఆయన కుడిచేతికి కట్టింది.

"మొగోళ్ళకు గూడ కడ్తరానే?"

"నువ్వు తొవ్వలున్నవని నా ఏలు కాల్చుకున్న. ఇయ్యాల నువ్వు లోపలికి వోతున్నవు, నేను బయటుంట. ఊకో, కట్టుకో."

ఆయన లోపలికి పోతూ చెయ్యి ఎత్తి చూపించాడు. గంటన్నరకు క్షేమంగా బయటికి వచ్చాడు. కళ్ళు తెరవగానే అడిగిన మొదటి మాట ఇడ్లీ గురించే.

మొన్న మౌనిక ఫోన్ చేసింది. ఇప్పుడు ఆ సొరుగు ఆమెది.

"అక్కా, దారం అయిపోవచ్చింది. ఎక్కడ కొనాలె?"

"కొనుడు లేదు. దిల్‌సుఖ్‌నగర్ల దిగు. పూల గంప కాడ యాదమ్మ ఉంటది, నీకు తెలుసు గద."

"గక్కడ నలుగురైదుగురు కూసుంటరక్కా. అందరు తలకాయ దించుకుని అల్లుతుంటరు, ఎట్ల గుర్తువట్టాలె?"

"కాళ్ళు సూడు. ఎడమకాలి రెండో ఏలికి గోరుండదు, మచ్చ ఉంటది."

"అదెట్లయిందక్కా?"

"నేను జేసిందే" అన్నాను. "ఆమెనడుగు. దారం ఇచ్చుకుంట చెప్తది, నాకన్న మంచిగ చెప్తది."